పది నిమిషాల పునాది

ఆపరేషన్ థియేటర్‌లో అతనికి అప్పజెప్పిన పని బల్ల ఎత్తు సరిచేయడం, దీపం తిప్పడం, రోగిని బల్ల మీదికి చేర్చడం. అప్పజెప్పకుండానే చేసేది మాట్లాడటం. వెన్నులో మత్తుసూది వేస్తే నడుము కింద స్పర్శ పోతుంది గానీ మనిషి మెలకువగానే ఉంటాడు. కత్తెరల చప్పుడు వింటూ బిగుసుకుపోతాడు. అలాంటి వాళ్ల తల దగ్గర స్టూలు వేసుకుని ఇరవై ఆరేళ్లుగా అతను తన ఇల్లు కట్టిన వైనం చెబుతున్నాడు. అందరూ అతన్ని బాబాయ్ అంటారు. పునాది దాటి గోడల దాకా మెలకువగా ఉన్న రోగి ఇంతవరకూ లేడు.

కొత్తగా వచ్చిన మత్తు డాక్టరమ్మ, వెన్నుసూది తర్వాత ఇచ్చే రెండు నిద్రమందులను పోల్చే పనిలో ఉంది. సిరంజిల మీద ఒకటి, రెండు అని మాత్రమే ఉండేది; ఏది ఏ మందో నర్సుకే తెలుసు. ఐదు నిమిషాలకోసారి డాక్టరమ్మ రోగిని పేరు పెట్టి పిలిచి, ఎంత త్వరగా పలికాడో చూసి అంకె వేసుకునేది. పన్నెండు మంది అయ్యాక కాగితాలు ముందేసుకుని చూస్తే రెండు మందులూ కవల పిల్లల్లా ఉన్నాయి. బాబాయ్ సెలవు పెట్టిన రోజు చేసిన ఇద్దరిలో మాత్రం ఒకడు గుర్రు పెట్టి నిద్రపోయాడు, రెండోవాడు పని ఎంతదాకా వచ్చిందని చివరి వరకూ అడుగుతూనే ఉన్నాడు.

ఆమెకు సంగతి అర్థమైంది. ఆ పన్నెండు కాగితాలూ పక్కన పడేసి, ఇకపై బాబాయ్ నోరు మెదపకుండా తలుపు దగ్గర నిలబడాలని చెప్పింది.

అతనికి మింగుడు పడలేదు. దీపం తిప్పడానికి ఎవరైనా చాలు. నోరు మూసుకుని ఉంటే రేపో మాపో తనను స్టోరు గదిలో దూది కట్టల మధ్యకు పంపేస్తారు. భార్య దగ్గర వాపోతే, ఆ డాక్టరమ్మ ఒకసారి మనింటికీ వస్తుందేమో కనుక్కోమంది.

నాలుగో రోజు హెర్నియా ఆపరేషన్‌కు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. మనిషి బీరువాలా ఉన్నాడు. సూదిని చూడగానే వీపు వంచనని భీష్మించాడు. వీపు వంగకపోతే సూది దిగదు. సూది దిగకపోతే నిద్రమందు మొదలుపెట్టకూడదు. అవతల సర్జన్ చేతులు కడుక్కుని, లొంగిపోయిన దొంగలా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

"బాబాయ్, సూది పడేదాకానే," అంది డాక్టరమ్మ.

అతను వచ్చి డ్రైవరు భుజాలు పట్టుకుని పునాది తవ్వకం ఎత్తుకున్నాడు. గజం లోతుకే బండ తగలడం, మేస్త్రీ అలిగి వెళ్లిపోవడం. డ్రైవరు వీపు దానంతటదే వంగింది. సూది దిగింది. ఆమె సైగ చేయగానే అతను మాట మధ్యలో ఆపేసి తలుపు దగ్గరికి నడిచాడు.

ఎవరూ ఊహించనిది, డ్రైవరు కూడా ఇల్లు కట్టుకుంటున్నాడు. మందు ఎక్కుతున్నకొద్దీ కళ్లు బలవంతాన తెరిచి, "ఆ బండనేం చేశావన్నా?" అన్నాడు. కాసేపటికి మళ్లీ అడిగాడు. ఆమెకు పేరు పెట్టి పిలిచే అవసరమే రాలేదు. నలభై నిమిషాల్లో ఏడుసార్లు అడిగాడు.

డ్రైవర్ని వార్డుకు పంపాక ఆ కాగితం కూడా పక్కకు పోయింది. ఇక స్టోరు గదేనని బాబాయ్ నిశ్చయించుకున్నాడు.

"మీరు మాట్లాడితే మందుల తేడా తెలియదు. మధ్యలో ఆపితే మందే పనిచేయదు. అసలు మాట్లాడకపోతే సూదే దిగదు," అంది డాక్టరమ్మ. "ఇక అందరికీ ఒకటే కొలత. నిద్రమందు పెట్టకముందే చెప్పి ముగించాలి. ఐదు నిమిషాలు."

"ఐదు నిమిషాల్లో గడ్డపార కూడా దొరకదమ్మా. పావుగంట."

"ఎనిమిది."

"పది. బండ వదిలేస్తాను."

ఆమె కాగితం మీద పది అని రాసుకుంది. అతను స్టూలు తుడిచి, బల్ల తల దగ్గర వేశాడు.