బండ మీది ఎద్దు ఎటు చూస్తోంది

1998 ఫిబ్రవరి, రెండో ఆదివారం. మేమిద్దరం బెజవాడలో బస్సెక్కింది తెల్లవారుజామున నాలుగూముప్పావుకు. పల్నాడులోని ఆ చిన్న ఊళ్లో దిగింది ఎనిమిదింబావుకు. వెంట నాలుగు సీసాల నీళ్లు, ఒక గొడుగు. తిరుగు ప్రయాణానికి చివరి బస్సు మూడున్నరకు. ఇవన్నీ నా డైరీలో ఉన్నాయి.

ప్రయాణం మా బావగారి కోసం. మా అక్కయ్య భర్త. చల్లపల్లి దగ్గర హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరకముందు ఒకసారి ఆ ఊరి కొండ మొదట్లో, ఆదిమానవులు రాతితో పొడిచి చెక్కిన ఎద్దును ఒక బండ మీద చూశారట. అది మెడ తిప్పి వెనక్కి చూస్తుందట. ఏటా బడి తెరిచిన రోజు ఆ ఎద్దునే బోర్డు మీద గీసి, “చూసిందే గీయాలి, ఊహించింది కాదు” అని పాఠం మొదలుపెట్టేవారు. రిటైరయ్యాక ఆయనకు అనుమానం పట్టుకుంది: నిజంగా అలా చూశానా, గీసి గీసి దాని మెడ నేనే తిప్పేశానా అని. అప్పటికే షుగరు కళ్లకు పాకింది. చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు అన్న వారమే నాకు ఫోను చేశారు.

“ఏటవాలు ఎండలోనే ఆ గీతలు తేలతాయి. పదిలోపు చేరాలయ్యా,” అని బస్సులో మూడుసార్లు చెప్పారు.

టీకొట్టతను దారి చెప్పాడు: “వాగులో దిగి ఎగువకు పోండి. అరగంట నడిస్తే ఇటికల దిబ్బ తగులుద్ది. బండ దాని ఎనకే.”

వాగులో చుక్క నీరు లేదు. ఇసుక, గులకరాళ్లు, ఒడ్డున తుమ్మచెట్లు. నీరు పారనప్పుడు ఎగువ ఎటు? పుట్టినప్పటి నుంచి నేను చూసిన కాలవలన్నీ బెజవాడ ఆనకట్ట దగ్గర బయల్దేరి దక్షిణంగా సముద్రానికి పోయేవే. మా లెక్కలో ఎగువంటే ఉత్తరం. పొద్దును బట్టి ఉత్తరం తేల్చుకుని, అటు దారితీశాను.

ముప్పావుగంటకు బావగారు ఆగారు. “నేల దిగుతున్నట్టుందయ్యా. నా మోకాళ్లు చెబుతున్నాయి.”

“మోకాళ్లకేం తెలుసండీ? ఇది ఉత్తరమే, నేను చూసుకున్నాను.”

“సరే, డైరీ నీ చేతిలో ఉంది మరి,” అని మళ్లీ నడిచారు.

పదింటికి మేకలు తోలుకొస్తూ ఒక ముసలావిడ ఎదురైంది. దిబ్బ ఎక్కడని అడిగితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఏ ఊరయ్యా మీది?”

“విజయవాడండీ.”

“అందుకే. కృష్ణమ్మ ఉత్తరాన ఉంటే వాగు అటే పోదా? పొద్దుట్నించీ దిగువకే నడుత్తన్నారు మీరు.”

బావగారు వాచీ చూసుకుని వెనక్కి తిరిగారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వచ్చిన దారంతా తిరిగి నడిచి, ఊరు దాటి, మళ్లీ నడిచి దిబ్బ చేరేసరికి పన్నెండూ నలభై.

ఆ దిబ్బ ఒకప్పటి బౌద్ధ స్తూపం. వలయంగా పేర్చిన ఇటుకలు. ఒక్కొక్కటి నా జానతో రెండు జానలకు కాస్త ఎక్కువే. సగం పైగా మేకల దొడ్ల గోడల్లోకి పోయాయి. బావగారు అటు చూడనైనా లేదు. నేరుగా వెనకనున్న బండ దగ్గరికి నడిచారు.

ఎండ నిట్టనిలువుగా పడుతోంది. నల్లటి రాతి మీద ఒక్క గీతా తేలడం లేదు. ఆయన వంగి చూశారు, కళ్లద్దాలు తీసి చూశారు, తుడిచి పెట్టుకుని చూశారు.

“సాయంత్రం దాకా ఉందామా?” అన్నారు, రాతినే చూస్తూ.

నీళ్లు అరసీసా మిగిలాయి. ఆయన ఇన్సులిన్ ఇంట్లో ఉంది. “కుదరదండీ,” అన్నాను.

గొడుగు నీడ పట్టి, బోర్లా పడుకుని, చెంప రాతికి ఆనించి వెతికాను. చాలాసేపటికి మూపురం దొరికింది. తర్వాత కొమ్ములు. అవి ముందుకే ఉన్నాయి. మెడ ఎటూ తిరగలేదు.

“ఏమన్నా ఉందా?”

“ఉందండీ, ఎద్దే.”

“ఎటు చూస్తోంది?”

లేచి మోచేతుల దుమ్ము దులుపుకున్నాను. “వెనక్కేనండీ.”

ఆయన బండ మీద కూర్చుని, మిగిలిన నీళ్లలో సగం తాగి సీసా నాకిచ్చారు. “పద, బస్సు పోతుంది,” అన్నారు.

ఇంటికొచ్చి బస్సు వేళలు, నడిచిన గంటలు, ఇటుక కొలత రాశాను. ఎద్దు కోసం ఒక వరుస వదిలాను. అది నేటికీ ఖాళీగానే ఉంది.

ఆ వానాకాలానికి ఆయన చూపు పోయింది. ఇంటికి ఎవరొచ్చినా ఎద్దు కథ చెప్పి, “మా బావమరిది కళ్లారా చూశాడు. డైరీ రాసే మనిషి, ఉన్నదే చెబుతాడు. ఏమయ్యా?” అనేవారు. తల ఊపితే ఆయనకు కనిపించదు గనుక, ప్రతిసారీ నోరు తెరిచి “అవునండీ” అనవలసి వచ్చేది.