సెలవులు ఇవ్వొద్దన్న తల్లి

అది 2023 ఏప్రిల్ నెల. అల్లవరం మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో ప్రభుత్వ బాలికల హాస్టలుకు నేను వార్డెన్‌గా ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా ఏడాది మిగిలింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఏ రోజు సంగతి ఆ రోజే రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. ఇది కూడా ఆనాటి నోటుపుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం చెప్పాలి. వేసవి సెలవులు వస్తే హాస్టలు మూసేస్తారు. చివరి పరీక్ష అయిన సాయంత్రానికి ప్రతి బోర్డరునూ, అంటే హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లను, ఎవరో ఒకరు వచ్చి తీసుకువెళ్లాలి. వెళ్లేముందు ‘ఔటింగ్ రిజిస్టరు’లో సంతకం పెట్టాలి. పిల్ల పేరు, తీసుకువెళ్లేవారి పేరు, సంబంధం, సంతకం, తిరిగి వచ్చిన తేదీ: అందులో ఉండేవి ఈ ఐదు గడులే.

పరీక్షలు ఇంకా వారం ఉన్నాయనగా సత్యవతి వచ్చింది. ఆరో తరగతి చదివే దుర్గకు తల్లి. రొయ్యల షెడ్డులో పొట్టు వలిచే పని చేసేది. భర్త గల్ఫ్ వెళ్లి, మొదటి రెండేళ్లు ఫోను చేసి, ఆ తరువాత మానేశాడు.

“మేడమ్ గారూ, మా దుర్గకి సెలవులు ఇవ్వకండి” అంది, కూర్చోమన్నా కూర్చోకుండా.

సెలవులకు ఇంకో రెండు రోజులు కలపమని బతిమాలే తల్లులను చూశాను గాని, ఇలాంటి కోరిక వినడం అదే మొదలు.

“సెలవులు నేనిచ్చేవి కాదు కదమ్మా!”

“ఆయ్, తెలుసండి. తెల్లారకుండానే షెడ్డు బండి వచ్చేత్తాది. ఇంటి వెనకాలే కాలవ, పిల్లని ఒక్కదాన్నీ వదిలెళ్లలేను. పోయినేడు కూడా తీసుకెళ్లేనండి. ఊరికే కూర్చోబెడదామనుకున్నాను, మేస్త్రి తట్ట చేతికిచ్చేసేడు. ఈ ఏడు చెయ్యి తిరిగింది కదా, పేరు రాసేసుకుంటానంటన్నాడు. అదేమో ‘బడెందుకమ్మా, నీకు సాయం చేత్తాను’ అంటంది. ఇంకో వేసవి అక్కడ గడిపిందంటే జూన్లో మీకు అప్పచెప్పలేనండి.”

కిందటేడు బడి తెరిచాక దుర్గ ఇరవై రోజులు ఆలస్యంగా వచ్చింది. వేళ్ల కొనలు తెల్లగా నాని, చీలికలు పడి ఉన్నాయి. నేను కారణం అడిగాను. ‘జ్వరం’ అంది. ‘జ్వరం’ అని రాసుకుని ఊరుకున్నాను. ఆ వేళ్లు నా కళ్లెదుటే ఉన్నాయి, అయినా రాసింది ఆ మాటే. ఆ తప్పు నాదే.

ఆ సాయంత్రం పాత రిజిస్టర్లన్నీ బల్ల మీద పరిచాను. సెలవుల తరువాత ఆలస్యంగా వచ్చిన పిల్లలు, అసలు రానే రాని పిల్లలు ఎవరెవరని ఒక్కొక్క వరుసా చూసుకుంటూ పోయాను. వాళ్లలో ఎక్కువమంది పేర్లకు ఎదురుగా ‘సంబంధం’ గడిలో ఎప్పుడు చూసినా ‘తల్లి’ అనే ఉంది. తండ్రి ఒక్కసారైనా గేటు దాకా వచ్చిన దాఖలా లేదు. అలాంటి పిల్లలు ఆ ఏడు దుర్గతో కలిపి పదకొండు మంది ఉన్నారు. వాళ్ల తల్లులందరిదీ ఆ రొయ్యల షెడ్డులోనే పని. భర్త పోయినావిడకు చూపించడానికి ఒక ధ్రువపత్రమైనా ఉంటుంది. భర్త బతికే ఉండి, ఎక్కడున్నాడో తెలియనావిడకు ఏ ఆఫీసులో ఏ కాగితం ఉంది? నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే అర్జీ రాశాను.

ఈ పదకొండు మందినీ సెలవుల్లో హాస్టల్లోనే ఉంచుతాను, భవనం తాళాలు నా దగ్గర ఉండనిస్తే చాలు, బియ్యం తల్లులు తమ రేషనులోంచి తెస్తారు, వంట వంతులవారీగా వాళ్లే చేస్తారు, రాత్రులు నేను అక్కడే పడుకుంటాను అని అందులో వివరంగా రాశాను. మర్నాడు తల్లులందరి చేతా సరేననిపించుకుని, అమలాపురం వెళ్లి మా పై అధికారికి ఇచ్చాను. ఆయన చిన్నవయసువాడు, మర్యాదస్తుడు.

“మీ ఉద్దేశం మంచిదే మేడమ్. తండ్రుల అంగీకార పత్రాలు పట్టుకురండి, చూద్దాం” అన్నారు.

“తండ్రులు లేకపోబట్టే వచ్చానండి.”

“రేపు ఎవరో ఒకాయన వచ్చి, నా కూతుర్ని ఎవర్నడిగి ఉంచుకున్నారంటే నేనేం చెప్పను?”

అర్జీ తిరిగి తీసుకుని బస్సెక్కాను. దారిలో జవాబు తోచింది. మర్నాడు నాలుగేళ్ల ఔటింగ్ రిజిస్టర్లు గుడ్డసంచిలో వేసుకుని మళ్లీ వెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. కాగితం ముక్కలు గుర్తుగా పెట్టిన పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించాను.

“ఈ పిల్లలను నాలుగేళ్లుగా ప్రతి సెలవుకూ తల్లి సంతకం మీదే గేటు దాటించామండి. తండ్రి సంతకం ఏదని మీ ఆఫీసు అడగలేదు, నేనూ అడగలేదు. పిల్లను బయటకు పంపడానికి చాలిన సంతకం, లోపల ఉంచడానికి ఎందుకు చాలదో ఈ అర్జీ మీద రాసివ్వండి. తీసుకుని వెళ్లిపోతాను.”

పక్కనున్న గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అధికారి మరో నాలుగు పేజీలు తిప్పారు. “పెన్ను ఇలా ఇవ్వండి” అన్నారు.

అనుమతి రాసి, “వారం వారం రిపోర్టు పంపాలి” అన్నారు.

“రోజూ పంపుతానండి.”

“వద్దు మేడమ్! వారానికొకటి చాలు.”

అలా మొదలైంది. షెడ్డులో ఎవరికి ఏ రోజు సెలవో కనుక్కుని వంట పట్టీ తయారుచేశాను. సత్యవతిది సోమవారం. ఆమె వండిన రోజున పిల్లలు రెండోసారి వడ్డించుకునేవారు. పొద్దున చదువు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఆటలు. దుర్గ మొదటి మూడు రోజులు ఆటల్లో కలవలేదు, అమ్మ ఒక్కతే కష్టపడుతోందని బెంగ. నాలుగో రోజున షెడ్డు మేస్త్రి మోటారుసైకిలు మీద వచ్చాడు.

“ఏంటండీ మేడమ్ గారూ, మా పిల్లని ఇక్కడ పెట్టేసేరంట?”

“మీ పిల్లా?”

“అదేనండి, సత్యవతి కూతురు. పట్టీలో పేరు కూడా రాసేసుకున్నాను. పనెక్కువగా ఉందండి, పంపించేయండి.”

“తప్పకుండా తీసుకెళ్లండి” అని రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి అతని ముందు పెట్టాను. “ఇక్కడ మీ పేరు, ఇక్కడ సంతకం. ఈ గడిలో మీకూ పిల్లకూ సంబంధం రాయాలి. ఏమని రాస్తారు? పన్నెండేళ్ల పిల్లను పనికి తీసుకెళ్తున్నానని రాసినా సరే. శనివారం రిపోర్టుతో పాటు ఇది అమలాపురం వెళుతుంది.”

అతను ఆ గడికేసి చూశాడు. పెన్ను ముట్టుకోలేదు.

“అబ్బే, ఊరికే అడిగేనండి” అని బండి ఎక్కాడు.

వంటింటి కిటికీ దగ్గర పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వులో దుర్గ గొంతు కూడా వినిపించింది.

మే నెలలో ఒక ఆదివారం షెడ్డు మూశారు. స్కూలు వ్యాను నడిపే ఒకాయన, సెలవుల్లో బండి ఖాళీగా ఉంది గనక, తల్లులనూ పిల్లలనూ ఓడలరేవు తీరానికి తీసుకువెళ్లి తీసుకొచ్చాడు. పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లాం. పిల్లలు అలల్లో తడుస్తుంటే, సత్యవతి చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

“ఈ గాలి పీల్చే పెరిగేను గానీ, సముద్రం ముందు ఇలా ఊరికే కూర్చోడం ఇదేనండి” అంది. మరికాసేపటికి అక్కడే కొంగు కప్పుకుని నిద్రపోయింది. తల్లులకూ సెలవులు కావాలన్న సంగతి నా అర్జీలో రాయలేదు. నాకే తట్టలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు హాస్టల్లో హాజరు పిలిచాను. పదకొండు మందీ పలికారు. ఏడో తరగతి వరుసలో దుర్గ అందరికంటే ముందు నిలబడింది. మరుసటి ఏడు అదే అధికారి మరో రెండు హాస్టళ్లను కూడా వేసవిలో తెరిపించారు. అంగీకార పత్రం మీద ‘తండ్రి’ అన్న చోట ‘తల్లి లేదా తండ్రి’ అని అచ్చు వేయించారు.

ఇన్నేళ్లూ ఆ రిజిస్టరును రేపు మా మీదకు మాట రాకుండా కాపాడే పుస్తకంగానే చూశాను. సాయం ఎవరికి కావాలో ప్రతి సంవత్సరం అదే చెబుతూ వచ్చింది. సహాయం ఎక్కడ దొరుకుతుందా అని పథకాల జాబితాలు వెతకడానికి ముందు, ఏ నెల అంటే భయమో ఆ తల్లిని అడగాలి. ఈ కేసు నాకు నేర్పింది అదే. ఆ 2023 జూన్ నుంచే ప్రవేశ దరఖాస్తు అడుగున నా చేత్తో ఒక ప్రశ్న రాయడం మొదలుపెట్టాను: ‘సెలవుల్లో పిల్ల ఎక్కడ ఉంటుంది?’

మొదటగా ఆ ప్రశ్న అడిగింది ఆలమూరు వైపు నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన ఒకావిడను. ఒక్కతే వచ్చింది, పిల్ల చెయ్యి పట్టుకుని.

ఆవిడ తడబడింది. “అదేనండి తెలీంది. ఎక్కడని చెప్పమంటారు?”

నేను పెన్ను తీసుకుని ఆ గీత మీద రాశాను: ‘ఇక్కడే.’