రాజు గుర్రంలా దూకిన రోజు

ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. పాపం, దానికీ కాస్త తీరిక కావాలి కదా. అప్పటి నుంచి బోధన్‌లో నాది పంక్చర్ షాపు. ప్యాచ్ ఆరేదాకా డ్రైవర్లకు పొద్దుపోవాలని పాత లారీ టైరు మీద చదరంగం పెట్టేవాణ్ణి. మా అక్క కూతురు బడి అయ్యాక వాళ్ల ఊరు రుద్రూర్‌కు పోయే బస్సు వచ్చేదాకా అక్కడే కూర్చునేది. ఆరేళ్లప్పుడే తనకు ఆట నేర్పాను.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. అంతవరకూ చెక్ పడని రాజు ఆటలో ఒకే ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. పెద్దవాళ్లు అట్లాగే ఆడారు, మేమూ అంతే.

ఎనిమిదేళ్లకు ఆ పిల్ల చెరుకు ట్రాక్టర్ల వాళ్లను వరసపెట్టి ఓడించేది. ఓడినవాళ్లను నేను వారం దాకా వదిలేవాణ్ణి కాదు. “చెరుకు దించినవా అన్నా, మీసం దించినవా?” అని అడిగేవాణ్ణి. నన్నూ మూలకు తోసేది. అప్పుడు నా రాజు టక్కున దూకేవాడు. నిజం చెప్పాలంటే, చివరికి నా గెలుపులన్నీ ఆ ఒక్క దూకుతోనే.

నిజామాబాద్‌లో జిల్లా పోటీలకు ముందు వాళ్ల బడి ఆటల సారు షాపుకు వచ్చారు. అక్కడ రాజు దూకడం చెల్లదని, ఆ మాట పిల్లకు చెప్పమని అన్నారు.

“సారూ, మీ బండిల గాలి ఎంతుండాల్నో నేను సూస్త. ఆట సంగతి నాకు ఇడ్సిపెట్టున్రి” అన్నాను. అందరూ నవ్వారు. సారు నన్ను నమ్మి వెళ్లిపోయారు.

నేను చెప్పలేదు. దూకు చెల్లదంటే నా గెలుపులూ చెల్లవు. పిల్ల ముందు అది ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

తొమ్మిదేళ్లలోపు వాళ్లతో ఆడటానికి తనకు అదే ఆఖరి ఏడాది. చివరి ఆట గెలిస్తే రాష్ట్ర పోటీలకు పంపుతారు. ఆట పొడుగునా రాజుకు చెక్ పడకుండా కాపాడుకుంటూ వచ్చింది. దేనికోసం దాచుకుంటోందో చూసేవాళ్ల కోసం కట్టిన తాడు వెనక నిలబడ్డ నాకు అర్థమైంది. తను రాజును పట్టుకుని దూకించింది. అవతలి పిల్లవాడు చెయ్యెత్తాడు. పోటీ నడిపే సారు రాజును వెనక్కి పెట్టి, ముట్టావు గనక దాన్నే కదపాలన్నారు. రాజు పోవడానికి ఒక్కటే గడి ఖాళీ ఉంది. అవతలివాడి మరుసటి ఎత్తుకు ఆటకట్టు.

తిరుగు బస్సులో అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. “నీకు గూడ తెల్వదు గదా మామా” అంది.

“అవు బిడ్డా” అన్నాను.

తర్వాత నిజామాబాద్‌లో ఒక కోచ్ దొరికారు. రెండేళ్లకు రాష్ట్రంలో మొదటి స్థానం. ఇప్పుడు పదహారేళ్లు, విమానాలెక్కి ఆడి వస్తోంది. ఎత్తు పూర్తిగా ఆలోచించేదాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంటుంది. పేపర్లవాళ్లు దాన్ని క్రమశిక్షణ అని రాస్తారు.

మొన్న నిజామాబాద్ సన్మానంలో నన్ను వేదిక మీదికి పిలిచి, మొదటి గురువని చెప్పి శాలువా కప్పించింది. ఇంకొకరికైతే ఆ శాలువా మీద పది జోకులు వేసేవాణ్ణి. నా మెడ మీద అది ట్రాక్టర్ టైరంత బరువైంది.

మర్నాడు షాపులో ఇద్దరం ఆటకు కూర్చున్నప్పుడు, అప్పట్లో బడి సారు వచ్చి చెప్పిన సంగతంతా తనకు చెప్పేశాను.

గళ్ల వైపే చూస్తూ అడిగింది: “మరి గప్పుడెందుకు చెప్పలే మామా?”

దేనికైనా మాట సిద్ధంగా ఉండే నోరు నాది.

“చెప్తే నన్ను గెలుస్తుంటివి” అన్నాను.

ఎత్తు తనదే. చేతులు తొడల కిందే ఉన్నాయి.