ఇన్‌స్టాల్ చెయ్యని సన్మాన పత్రం

మొన్నామధ్య రేపల్లెలో జరిగిన సన్మానం గురించి మీకెవరో చెప్పే ఉంటారు. చెప్పకపోతే నేనే చెప్పేస్తాను. ఇంకొకళ్ల నోట వింటే నా పరువు ఇంకాస్త పోతుంది.

మా స్కూల్లో ఎవరు రిటైరైనా సన్మాన పత్రం రాసేది నేనే. తెలుగు మాష్టర్ని కదా, తప్పదు. నిజం చెప్పొద్దూ, ఇరవై ఏళ్లుగా పత్రం ఒకటే, పేరు మారుస్తానంతే. 'విద్యాదాతా, సహృదయ శిరోమణీ' అని మొదలెడితే డ్రాయింగు మాష్టారికైనా డ్రిల్లు మాష్టారికైనా సరిపోతుంది. ఈసారి రిటైరయ్యేది హెడ్మాస్టరు గారు. నెల ముందే నన్ను గదిలోకి పిలిచి, "మాష్టారూ, నాకు ఆ శిరోమణులూ అవీ వద్దండి. నా గురించి నిజంగా నాలుగు ముక్కలు రాయండి, చాలు" అన్నారు. నాకు సిగ్గేసింది. రాస్తానండి అని మాటిచ్చాను.

మాటైతే ఇచ్చాను గానీ, నా లాప్‌టాప్ సంగతి మీకు తెలీదు. ఆన్ చేసి, టీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. మా సైన్సు మాష్టారు కరుణాకర్ గారికి కంప్యూటర్ల పిచ్చి. బాపట్ల నుంచి వస్తారు. శుక్రవారం సాయంత్రం నన్ను రేపల్లె స్టేషన్లో దింపుతూ ఒక పెన్ డ్రైవ్ చేతిలో పెట్టారు. అందులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉందట. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదట, పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుందట, పాతదాని జోలికే పోదట. ఇంకా ఏదో చెబుతున్నారు, ఈలోపు రైలు కదిలింది. సరే సరే అని చెయ్యి ఊపేశాను. అన్నీ తెలిసినవాణ్ణి కదా మరి.

మర్నాడు రెండో శనివారం, స్కూలు లేదు. సాయంత్రం నాలుగింటికి సభ. పొద్దున్నే తెనాలిలో మా ఇంట్లో కూర్చుని పెన్ డ్రైవ్ పెట్టాను. ట్రై చేస్తారా, ఇన్‌స్టాల్ చేస్తారా అని అడిగింది. ట్రై అని నొక్కాను. అబ్బ, ఏం స్పీడండీ! తెలుగు కీబోర్డు కూడా అందులోనే దొరికింది. ఆ ఊపులో పత్రం మొత్తం రాసేశాను. తుఫాను రోజు ఆఖరి పిల్లని వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లేదాకా హెడ్మాస్టరు గారు గేటు దగ్గరే గొడుగు పట్టుకుని నిలబడటం. నేలమీద సుద్దముక్క కనపడితే ఏరి జేబులో వేసుకోవడం, ఇంటికెళ్లాక ఆ జేబుల గురించి భార్య చేత తిట్లు తినడం. రాస్తూ రాస్తూ నాకే కళ్లమ్మట నీళ్లొచ్చాయి. డెస్క్‌టాప్ మీద సేవ్ చేశాను. రెండుసార్లు చేశాను, నాకు నమ్మకం తక్కువ. షట్‌డౌన్ చేసి, పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని, ప్రింటు తీసి ఫ్రేము కట్టిచ్చే షాపుకి వెళ్లాను.

షాపాయన వెతికి వెతికి, ఇందులో మీ పత్రం లేదు మాష్టారూ అన్నాడు. లేకపోవడమేంటి, ఇప్పుడే నా చేత్తో రాశానని ఆయనతో గొడవేసుకున్నాను. ఇంటికి పరిగెత్తాను. పాత సిస్టమ్‌లో చూశాను, లేదు. మళ్లీ పెన్ డ్రైవ్ పెట్టాను. అదేమో జన్మలో నా మొహం చూడనట్టు, ట్రై చేస్తారా, ఇన్‌స్టాల్ చేస్తారా అంటోంది! డెస్క్‌టాప్ తుడిచిన పలకలా ఉంది. అసలు రాశానా, రాసినట్టు కలగన్నానా? మా ఆవిడని పిలిచి, పొద్దున్న నేను టైపు చెయ్యడం చూశావా అని అడిగాను. చూశానండి, ఏడుస్తూ కూడా ఉన్నారు, అంది.

కరుణాకర్ గారికి ఫోన్ చేశాను. ఆయన నిదానంగా, "నిన్న రైలు దగ్గర చెప్పింది అదే కదండీ. అది ట్రై చేసి చూడ్డానికే. ఆపేస్తే అన్నీ మర్చిపోతుంది" అన్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే!

గంటలో రైలు. మళ్లీ టైపు చేసే టైమెక్కడిది? తిరిగి షాపుకి పరిగెత్తాను. షాపాయన దగ్గర బంగారు రంగు అంచు, మూలల్లో పూలు వేసి ఉంచిన కాగితం ఉంది, మధ్యలో ఖాళీ. దాన్నే ఫ్రేములో బిగించి ఇమ్మన్నాను. రాత తర్వాత వేయించి మార్చుకోవచ్చు, ముందు చేతిలో ఫ్రేమంటూ ఉండాలి కదా.

స్టేజీ మీద ఫ్రేము నా వైపు తిప్పుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆ తెల్ల కాగితం చూస్తూ చదవడం మొదలెట్టాను. గొడుగు చెప్పాను, సుద్దముక్కలు చెప్పాను, జేబులు చెప్పాను. చదువుతున్నట్టు కనపడాలని తలకాయ ఎడమ నుంచి కుడికి తిప్పాను కూడా. హెడ్మాస్టరు గారు శాలువాతో కళ్లు తుడుచుకున్నారు. హమ్మయ్య, గట్టెక్కాననుకుని ఫ్రేము ఆయన చేతుల్లో పెట్టాను. జనం వైపు తిప్పండి సార్, అని ఫొటోగ్రాఫరు కేకేశాడు. హెడ్మాస్టరు గారు తిప్పారు.

బంగారు అంచూ, పూలూ, మధ్యలో వట్టి తెల్ల కాగితం హాలంతా చూసింది. ఉన్నది ఉన్నట్టు మైకులోనే చెప్పేశాను, రైలు దగ్గర చెయ్యి ఊపడంతో సహా. హెడ్మాస్టరు గారు ఫ్రేముని మళ్లీ తనవైపు తిప్పుకుని ఆ ఖాళీ కాగితాన్ని చూశారు.

"అయితే ఇప్పుడు చెప్పిందంతా మీ మనసులోదేనా మాష్టారూ?"

అవునండి అన్నాను. ఫ్రేముని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, ఇంక ఎవరికీ ఇవ్వలేదు.

మర్నాడు ఫోన్ చేసి, ప్రింటు తీయించి తెస్తానండి అంటే ససేమిరా వద్దన్నారు. ఆ తెల్ల కాగితాన్నే వాళ్లింటి హాల్లో గోడకి తగిలించారు. ఇంటికొచ్చినవాళ్లు ఇదేంటని అడగరా మరి? అడగ్గానే నాకు ఫోన్ చేసి స్పీకర్ పెడతారు. మాష్టారూ, ఒక్కసారి చదవండి అంటారు. నిన్నటికి ఆరోసారి. ప్రతిసారీ గొడుగు దగ్గర్నుంచి మొదలెట్టాల్సిందే. కరుణాకర్ గారి పెన్ డ్రైవ్ ఆయనకి తిరిగిచ్చేశాను గానీ, ఎప్పుడు పెట్టినా మొదట్నుంచి మొదలెట్టే దాని ఉద్యోగం మాత్రం నాకు పడింది.