మా ఊళ్ల పేర్లు పెట్టిన మూడు లినక్సులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, వేరుశనగ విత్తడానికి ఇంకా మూడు నెలలుందనగా, అనంతపురంలోని మా బ్యాంకు కంప్యూటర్ గదికి నన్ను సీనియర్ ఆపరేటరుగా వేశారు. వేశారంటే కుర్చీ మారింది, గది మారలేదు. పదో తరగతి చదువుతో అదే గదిలో డేటా ఎంట్రీకి చేరాను. తర్వాత టేపులు మార్చాను, ఆ తర్వాత కన్సోలు ముందు కూర్చున్నాను. ఆపరేటరు, ఆపైన సీనియర్ ఆపరేటరు, ఆపైన మేనేజరు, ఇదీ మాలో వరుస. మధ్యలో సూపర్‌వైజరు కుర్చీ ఒకటి ఉండేది గానీ నేనున్నన్నాళ్లూ అందులో ఎవరూ కూర్చోలేదు. దాని మీద మా టిఫిన్ క్యారియర్లు ఉండేవి.

మెయిన్‌ఫ్రేమ్ అంటే ఏమిటని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. చూడ్డానికి రెండు బీరువాలు పక్కపక్కన నిలబెట్టినట్టు ఉంటుంది. లోపల ఒకటే యంత్రం. దాన్ని వాటాలు వేసి, ఒక్కో వాటాను ఒక్కో కంప్యూటరులా నడుపుతాం. అన్నదమ్ములు ఒకే ఇంట్లో అడ్డగోడలు కట్టుకుని వేరు పొయ్యిలు పెట్టుకున్నట్టు. ఆ వాటాను పార్టిషన్ అంటాం. ఒకదాంట్లో పొయ్యి ఆరినా పక్కదాంట్లో వంట ఆగదు. మామూలు కంప్యూటర్ని లేపడాన్ని బూట్ అంటారు, మేము ఐపీఎల్ అంటాం. "ఐపీఎల్ అయిందా?" అని నేను ఫోన్లో అడుగుతుంటే, కొత్తగా చేరిన సెక్యూరిటీ అతను తలుపులోంచి తొంగిచూసి స్కోరెంత అని అడిగాడు ఒకసారి.

ఆ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. బ్యాంకులో చెల్లాచెదురుగా ఉన్న చిన్న సర్వర్లన్నిటినీ తీసేసి, వాటి పనిని మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్సులో నడపాలి. ఏ లినక్సో మేమే తేల్చాలి. లినక్సు అందరికీ ఒకటే కదా అంటారు. నడుమ ఉండే గింజ ఒకటే, దాన్ని కెర్నల్ అంటారు. ఆ గింజ చుట్టూ ఏమేం కట్టాలి, అప్‌డేట్లు ఎలా పంపాలి, చెడితే ఫోనెత్తి ఎవరు మాట్లాడాలి అనేది ఒక్కో కంపెనీ ఒక్కో విధంగా చేస్తుంది. ఆ కట్టిన మూటే డిస్ట్రిబ్యూషన్. శెనక్కాయలు అందరివీ ఒకటే అయినా చట్నీ ఇంటికో రుచిగా ఉన్నట్టు. ఒకసారి ఎంచుకుంటే పదేళ్లయినా దానితోనే కాపురం. మూడు కంపెనీలు తలా ఒక మూట పరీక్షకు ఇచ్చాయి.

ఆర్డరు చివర ఇంకో మాట ఉంది. విత్తనాల నెల మొదలయ్యేలోగా, హెడ్డాఫీసు అధికారుల ఎదుట అప్‌డేట్ వేసి, పంట రుణాల పని నడిపి చూపించాలి. చూపించలేకపోతే మొత్తం పని బెంగళూరులో అద్దె సెంటరుకు పోతుంది, ఈ గది మూతపడుతుంది, మనుషులు బదిలీ అవుతారు.

గదిలో ఆపరేటర్లం నేను, ఓబులేసు, ఏసురత్నం, ముగ్గురం. నాకూ ఓబులేసుకూ బదిలీ అంటే ఇబ్బంది. ఏసురత్నానికి అది ఇబ్బంది కాదు, అసాధ్యం. ఆయన భార్యకు రెండు మూత్రపిండాలూ పాడై, వారంలో మూడు రోజులు డయాలసిస్‌కే పోయేవి. ఎంతో తిరిగి ఇక్కడి ఆసుపత్రిలో ఆమెకు వంతు దొరికింది. అది వదులుకుని ఎక్కడికి పోతారు? ఆర్డరు చదివిన రోజు ఆయన క్యారియరు విప్పలేదు.

ఇక మా గది అలవాటు ఒకటి చెప్పాలి. పార్టిషన్లకు మొదట్లో నంబర్లే ఉండేవి. ఫోన్లో ఒక నంబరు చెబితే ఇంకోటి ఆపేసిన సంఘటనలు జరిగాక, పాత మేనేజరు ఒకాయన ఊళ్ల పేర్లు పెట్టించాడు. గుత్తి, కళ్యాణదుర్గం, తాడిపత్రి. ఊరి పేరును ఎవరూ పొరబడరు. అదే లెక్కన మూడు పరీక్ష పార్టిషన్లకు మా ముగ్గురి ఊళ్ల పేర్లు పెట్టుకున్నాం. ఏసురత్నానిది ఉరవకొండ, ఓబులేసుది పామిడి, నాది ముదిగుబ్బ. ఎవరి ఊరిని వాళ్లే చూసుకోవాలి. రెండు వారాలు నడిపి, సోమవారం మీటింగులో నోటితో చెప్పాలి.

మా మేనేజరు చంద్రకళ మేడంది బళ్లారి. మాట కటువు, మనిషి మంచిది. మొదటి మీటింగు నాకు మాటమాటా గుర్తుంది.

"మా ఉరవకొండ బాగుండాది మేడం" అన్నాడు ఏసురత్నం.

"పడిపోయిందంట కదా శుక్రవారం?"

"పడలేదు మేడం. అప్‌డేట్ వేసేటప్పుడు కొంచేపు కూచున్నాది. మళ్లా లేసింది."

ఓబులేసు నవ్వాడు. "కూచుంటే పక్కన మనం మంచం ఎయ్యాల్నా ఏంది అన్నా? మా పామిడి చూడు, కూచునేదే లేదు."

"మీ పామిడి మెమరీ ఎంత తాగుతాందో చూసినావా? ఊరు ఏటిగడ్డన ఉండాది కదా, తాగే అలవాటు."

"పెన్నలో నీళ్లు యాడున్నాయన్నా తాగనీకె? ఇసకే. మీ ఊర్లో బోరు ఎయ్యి అడుగులు ఏసినా దుమ్మే, నువ్వు మాట్లాడతాండావు నీళ్ల గురించి!"

"మీ ఇద్దరూ ఉండండప్పా" అని నేను మా ముదిగుబ్బ ఎంత నెమ్మదైనదో, గొర్రెల మందలా చెప్పినట్టు ఎలా నడుస్తుందో వివరించాను. మేడం ముగ్గురినీ విని, పెన్ను మూత పెట్టి లేచిపోయింది.

మరుసటి సోమవారం వచ్చేసరికి పేర్లు మార్పించేసింది. దాపరికం లేదు, మాకు చెప్పే మార్చింది. ఉరవకొండ అన్నది ఇప్పుడు పామిడి, పామిడి అన్నది ముదిగుబ్బ, ముదిగుబ్బ అన్నది ఉరవకొండ. లోపలి లినక్సులు ఉన్న చోటే ఉన్నాయి, మీద పేర్లు తిరిగాయి. మీ ఊరి పేరు ఎక్కడుంటే అక్కడ మీరు చూసుకోండి, ఈసారి అప్‌డేట్లు వద్దు, రోజువారీ పని మాత్రం నడపండి అంది.

రెండు వారాలకు మళ్లీ మీటింగు. ఏసురత్నం ఉరవకొండను మెచ్చుకున్నాడు, చెప్పినట్టు వింటుంది అన్నాడు. ఓబులేసు పామిడిని మెచ్చుకున్నాడు. నేను ముదిగుబ్బను మెచ్చుకున్నాను, మెమరీ కాస్త ఎక్కువ తీసుకున్నా పని చేసే మనిషికి తిండి ఉండాలి కదా అన్నాను.

మేడం నావైపు తిరిగింది. మా గదిలో ఎవరు ఎప్పుడు ఏమన్నారో నన్నే అడిగేవాళ్లు, నాకు అలా నిలిచిపోతాయి మాటలు.

"నారాయణమ్మా, పోయినసారి ఓబులేసు ఇప్పుడు మెచ్చుకునేదాన్నే ఏమన్నాడు?"

"కూచుంటే మంచం ఎయ్యాల్నా అన్నాడు మేడం."

"ఏసురత్నం ఇప్పుడు చూస్తాండేదాన్ని ఏమన్నాడు?"

"గొర్రెల మంద అన్నది నేను మేడం. ఆయన బయటికొచ్చినాక, గొర్రెలకు తెలివి యాడుంటాదక్కా అన్నాడు."

"మరి నీ దగ్గరుండేది?"

"మెమరీ తాగే అలవాటు అన్నాడు ఏసురత్నం, మేడం" అని, చెబుతూ చెబుతూనే నాకు నవ్వొచ్చింది. ఓబులేసు బల్ల మీద తల వాల్చి నవ్వాడు. ఏసురత్నం మాత్రం నవ్వలేదు.

"ఏమప్పా, మీరు చూసింది లినక్సునా, మీ ఊరి బోర్డునా?" అంది మేడం. "మీరు అబద్ధం ఆడినారని నేను అనల్యా. పేరు మారింది అని తెలిసీ మీ మనసు పేరు ఎంట పోయింది. దీని మీద నేను సంతకం పెడితే, రేపు హెడ్డాఫీసు ముందర పడేది మనమే."

ఆరోజే పేర్లు తీసేయించింది. నంబర్లు వద్దు కాబట్టి ధాన్యాల పేర్లు పెట్టింది: కొర్ర, సజ్జ, జొన్న. మొదట ఉరవకొండ అన్నది కొర్ర, మొదట పామిడి అన్నది సజ్జ, మొదట ముదిగుబ్బ అన్నది జొన్న. ఒకదాన్ని ఒకరికే అప్పగించడం కూడా మానేసి రోజుకొకరిని మార్చింది. ఏ పరీక్ష అయినా మూడింటికీ ఒకే మనిషి, ఒకే పూట చేయాలి. ఏం జరిగినా గదిలో అందరికీ వినపడేలా పైకి చెప్పాలి.

ముందుగా జొన్న పోయింది. మా పంట రుణాల సాఫ్ట్‌వేరు తయారుచేసిన కంపెనీని రాతపూర్వకంగా అడిగితే, మెయిన్‌ఫ్రేమ్ మీద రెండింటికే హామీ ఇస్తాం, మూడోదానికి ఇవ్వలేం అంది. హామీ లేని చోట చెడితే లినక్సు వాళ్లూ సాఫ్ట్‌వేరు వాళ్లూ ఒకరి మీద ఒకరు తోస్తారు, మధ్యలో బ్రాంచీల్లో రైతులు నిలబడతారు. ఇది మొదటిరోజే అడగాల్సిన ప్రశ్న. ఊళ్ల గొడవలో మాకు తట్టలేదు.

తర్వాత సజ్జకూ కొర్రకూ ఫోను పరీక్ష. నేనే చేశాను, పొద్దున ఒకే పూట, ఒకే ప్రశ్న. సజ్జ వాళ్లు వెంటనే ఎత్తారు, మర్యాదగా మాట్లాడారు, ఒక ఫైలు పంపారు. అది ఎక్కలేదు. మెయిన్‌ఫ్రేమ్ ప్రాసెసర్ వేరు. మామూలు సర్వరుకు చేసిన ఫైలు దాని మీద నడవదు. ఆ సంగతి చెబితే అవతలి అబ్బాయి, మీది ఏ మోడల్ ల్యాప్‌టాప్ అని అడిగాడు. కొర్ర వాళ్లు ఫోను ఎత్తడానికి చాలాసేపు పట్టింది గానీ, ఎత్తినామె మొదటి మాటే, మీ పార్టిషన్‌కు డిస్కులు ఎన్ని దారుల్లో ఇచ్చారు అని అడిగింది. మెయిన్‌ఫ్రేమ్ దగ్గర పనిచేసినవాళ్లే అడిగే ప్రశ్న అది.

అయినా కొర్ర గెలిచిందని అప్పుడే అనుకోలేదు. ఎందుకంటే అప్‌డేట్ పరీక్ష మిగిలింది. ఆరోజు వంతు ఓబులేసుది. సగంలో స్క్రీను మీద ఎర్రక్షరాలు వచ్చాయి.

"పడింది! కొర్ర పడింది!" అని అరిచాడు. ఎదురుగా కూర్చున్న ఏసురత్నం లేచి నిలబడ్డాడు.

మళ్లీ ఐపీఎల్ చేస్తే లేచింది. కానీ ఏ కెర్నల్‌తో లేచిందో చూడమంది మేడం. పాతదానితోనే లేచింది. అంటే అప్‌డేట్ ఎక్కనే లేదు. పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల దొంగలు దూరకుండా మూయాల్సిన కంత మూతపడలేదు.

కంపెనీ ఆమెకు ఫోను చేశాం. గంటలోపే తేలింది. లేచేటప్పుడు వాడే చిన్న భాగం ఒకటి డిస్కులో ఉంటుంది. కొత్త కెర్నల్ ఎక్కేది అందులోనే. అది మేము మరీ చిన్నదిగా కట్టాం. మిగతా రెండు లినక్సులూ పాత కెర్నళ్లను వాటంతట అవే తీసేస్తాయి కాబట్టి ఆ చోటు చాలింది. ఇది మాత్రం అవసరమైతే వెనక్కి పోవడానికి పాతవాటిని ఉంచుకుంటుంది. చోటు చాలక కొత్తది ఆగిపోయింది. తప్పు కొర్రది కాదు, మా కొలతది. భాగాన్ని పెద్దది చేసి మళ్లీ వేశాం. ఎక్కింది.

అప్పుడు ఏసురత్నం మేడం దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించలేదు, అందరికీ వినపడేలాగే చెప్పాడు.

"మేడం, ఇది నా దగ్గర కూడా అయ్యింది. మొదటి పక్షం. ఇదే ఎర్రక్షరాలు. లేసింది కదా అని కూచున్నాది అంటిని. మా ఊరి పేరు మీద పడిందనే మాట నోటికి రాల్యా."

హెడ్డాఫీసు ముందు చేయాల్సింది కూడా అప్‌డేటే. ఆయన మొదటి మాటనే నమ్మి దీన్ని ఎంచుకుని ఉంటే, అధికారుల ఎదుట అదే ఎర్రక్షరాలు వచ్చేవి. గది పోయేది, ఆయన భార్య ఆసుపత్రి వంతూ పోయేది. ఇది ఆయనకు అర్థమైంది. మాకూ అర్థమైంది.

మేడం, "నువ్వు చెప్పినావు కదప్పా, కూచున్నాది అని" అంది. "ఎందుకు కూచుందో నేను అడగల్యా. ఇంగ పో, ఆ డిస్కు కొలత మిగిలిన పార్టిషన్లలో కూడా చూడు."

కొర్రనే ఎంచుకున్నాం. విత్తనాల నెలకు ముందే అధికారులు వచ్చారు. కన్సోలు ముందు ఏసురత్నాన్నే కూర్చోబెట్టింది మేడం. అప్‌డేట్ ఎక్కింది, ఐపీఎల్ అయ్యింది, కొత్త కెర్నల్ పేరు స్క్రీను మీద వచ్చింది. పంట రుణాల పని మొదలై ఆగకుండా ముగిసింది. అధికారులు టీ తాగి, మంచి నీళ్లడిగి, ఎండ గురించి మాట్లాడి వెళ్లిపోయారు. ఆర్డరు తర్వాత వచ్చింది. గది ఉంది, మనుషులు ఉన్నారు. అధికారులు వచ్చిన రోజు మధ్యాహ్నం ఏసురత్నం డయాలసిస్ వేళకు పర్మిషన్ పెట్టి వెళ్లాడు, ఎప్పుడూ వెళ్లినట్టే.

ఎంచుకున్న లినక్సుకు అసలు పనిలోకి తీసుకునేటప్పుడు ఊరి పేరు పెట్టాలి కదా. ముగ్గురం నోరు తెరిచేలోపే మేడం కూడేరు అని పెట్టేసింది. మాలో ఎవరిదీ ఆ ఊరు కాదు. నేను రిటైరయ్యేదాకా మా గదిలో ఒక పద్ధతి నడిచింది. పరీక్షలో ఉన్నంతకాలం ధాన్యం పేరు, గెలిచాకే ఊరి పేరు.

ఏ లినక్సు మంచిదని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను. మీ సాఫ్ట్‌వేరుకు హామీ దేనికుందో అడగండి, ఫోనెత్తే మనిషికి మీ యంత్రం తెలుసో లేదో చూడండి, అప్‌డేట్ వేసి ఏ కెర్నల్‌తో లేచిందో చూడండి అంటాను. ఇంకొకటి, గదిలో ఒక నియమం పెట్టుకోమంటాను. పడితే పడిందనే చెప్పాలి. కూర్చుందని ఎవరైనా అంటే, ఎందుకు కూర్చుందని పక్కవాళ్లు అడగాలి.