వేడి పాకం, మినుము విత్తనం

మా తోడికోడలి మినప చేను ఏపుగా ఎదుగుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఈ మాట చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. ఆమె మా మరిది భార్య, నాకన్నా చాలా చిన్నది. ఉంగుటూరు దగ్గర మా రెండు చేలకూ మధ్య ఒక్క గట్టే అడ్డం.

ఏటా వరి కోతకు ముందు, ఇంకా నిలిచి ఉన్న వరిలోనే మినుములు చల్లేవాళ్ళం. కోత అయ్యాక నేలలో మిగిలిన తడికే అవి పెరిగేవి. పూత వేళకు మామగారు రెండు చేలూ తిరిగి చూసి, వచ్చే ఏటి విత్తనం ఏ చేలోంచి తీయాలో చెప్పేవారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన చెయ్యి మా చేను వైపే చూపించేది. ఆ విత్తనం బాగుచేసి, ఎండు వేపాకు వేసి, కుండలో పోసి దాచేది నేనే. పట్టుచీర కట్టుకున్నా నాకంత గర్వం ఉండేది కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వ్యవసాయాఫీసు వాళ్ళు ఊళ్ళో మీటింగ్ పెట్టారు. నేను వెళ్ళలేదు. ఆమె వెళ్ళి రెండు ప్యాకెట్లు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టింది. లోపల నల్లటి పొడి.

"రైజోబియం కల్చర్ అంటండీ అక్కా. కంటికి కనపడని సూక్ష్మజీవులంట. మొక్క వేళ్ళకి బుడిపెలు కట్టి, గాలిలో నత్రజని పట్టి మొక్కకి పెడతాయంట. బెల్లం నీళ్ళు మరిగించి, బాగా చల్లారాకే పొడి కలపాలండీ. గింజలకి పట్టించి నీడలో ఆరబెట్టాలంట."

నాకు ఒళ్ళు మండింది. ఆమె అరిసెలకు పాకం పట్టిన ఏడాది ఆ అరిసెల్ని విరగ్గొట్టడానికి రోకలి కావాల్సి వచ్చింది. ఆమె నాకు బెల్లం మరిగించడం నేర్పుతుందా! పాకం వేడి మీదైతేనే దేనికైనా పట్టుకుంటుందని నా లెక్క. పెరట్లో ఇద్దరం పక్కపక్కనే కలిపాం. నేను పొయ్యి మీంచి దించీ దించగానే పొడి వేసి తిప్పాను.

"అక్కా, ఇంకా పొగలొస్తున్నాయండీ."

"నీ పని నువ్వు చూసుకో."

గోరువెచ్చగా అయ్యాక గింజలకు పట్టించాను. నిగనిగలాడుతూ ఎంత చక్కగా వచ్చాయో! ఆమె గింజలు మసి పూసినట్టున్నాయి. లోలోపల నవ్వుకున్నాను.

విత్తనం చల్లిన నెల తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. ఆమె చేను ముదురాకుపచ్చగా కమ్ముకుంది. నాది పసుపుబారి గిడసగా ఉండిపోయింది. పొద్దున్నే గట్టు మీద నిలబడి నా చేను చూసుకోవడం మానేసి ఆమె చేను చూసేదాన్ని. మంచి ప్యాకెట్ తను ఉంచుకుని పనికిరానిది నాకు అంటగట్టిందని తేల్చుకున్నాను. అలా అనుకున్న రోజు నాకు అన్నం కూడా సహించింది.

పూత వేళకు మామగారు వచ్చారు. రెండు చేలలోనూ ఒక్కో మొక్కను మట్టితో సహా పెళ్ళగించి కాలవలో కడిగారు. ఆమె మొక్క వేళ్ళ నిండా చిన్న చిన్న బుడిపెలు. ఒకటి గోటితో చిదిపితే లోపల గులాబీ రంగు. నా మొక్క వేళ్ళు బోసిగా వేలాడుతున్నాయి.

"ఇద్దరూ ఒకటే పొడి కలిపారు కదమ్మా, ఇదేంటి?" అన్నారాయన.

సూక్ష్మజీవులంటే ప్రాణమున్నవే కదా అని అప్పుడు తట్టింది నాకు. మరిగే పాకంలో వేసి చంపేశాను. ఆ పొగలు చూసిన మనిషి నా పక్కనే ఉంది. ఇక చెప్పేస్తుందని ఆమె వైపే చూశాను.

"అక్కకిచ్చిన ప్యాకెట్ పాతదేమోనండీ మావయ్యగారూ. నేనే చూసుకోకుండా ఇచ్చాను."

ఆమె నన్ను పట్టిస్తే ఎంత బాగుండేది! తిట్టుకోవడానికి ఏదో ఒకటి మిగిలేది. పంట ఆమెదే, మంచితనమూ ఆమెదే. ఆ పూట చేనుకన్నా ఆ మాటకే ఎక్కువ కుళ్ళుకున్నాను.

మామగారి చెయ్యి ఆమె చేను వైపు తిరిగింది. మినుములు నూర్చాక విత్తనం కుండ మా ఇంట్లోంచి ఆమె వసారాకు వెళ్ళింది. నేనే ఎత్తి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "వేపాకు ఎంత వేయాలండీ అక్కా?" అని అడిగింది. నిజంగా తెలియకే అడిగింది. రెండు పిడికిళ్ళు చాలని చెప్పాను. చెబుతుండగానే, ఇది కూడా నాకన్నా బాగా చేసేస్తుందని నాకు ఏడుపొచ్చింది.