నిలవని సున్నా

కంప్యూటర్ డబ్బా మూత విప్పి లోపల ఒక కార్డు బిగించడం తెలిస్తే చాలు, జనం మనల్ని పెద్ద డాక్టర్ను చూసినట్టు చూసే ఆ రోజుల్లో నేను హిందూపురంలో ఒక చిన్న కంపెనీలో కొత్తగా చేరాను. చొక్కా జేబులో టెస్టర్ లేకుండా టిఫినుకు కూడా వెళ్లేవాణ్ణి కాదు (ఇడ్లీలో కరెంటు ఉండదని తెలుసు, అయినా అదొక హోదా). ఇనుప కడ్డీనో తాడునో దారాన్నో తెగేదాకా లాగి దాని బలం ఎంతో చెప్పే పరీక్ష మిషన్లు ఉంటాయి కదా, వాటికి అప్పటిదాకా గడియారంలో ఉన్నట్టు ఒక ముల్లు ఉండేది. మేం ఆ ముల్లు పీకేసి లోడ్ సెల్ అనే చిన్న ఇనుప ముక్క తగిలించేవాళ్లం. దాని మీద ఎంత బరువు పడితే అంత మేరకు అందులోని కరెంటు మారుతుంది. ఆ మార్పును కంప్యూటర్లోని కార్డు అంకెలుగా మార్చి తెర మీద గీత గీస్తుంది. ఆ గీత నేనే గీసినంత గర్వంగా ఉండేది నాకు.

ఆ గర్వానికి ఒక గడువు ఉంది. పెనుకొండలో మా నాయనకు కిరాణా అంగడి. నేను ఉద్యోగంలో చేరేటప్పుడే ఆయన తేల్చి చెప్పాడు: "నిన్ను పర్మనెంటు చేస్తే సరే. ల్యాకపోతే వచ్చి అంగట్లో కూచోవల్ల." అంగడంటే నాకు చిన్నచూపు లేదు. కానీ మా నాయన పక్కన కూర్చోవడమంటే, ఆయన ప్రతి గిరాకీకీ చెప్పే అదే హాస్యానికి రోజంతా కొత్తగా నవ్వాలి. అది నావల్ల కాని పని. సరిగ్గా అప్పుడే మా మేనేజర్ నన్ను మొదటిసారి ఒంటరిగా ధర్మవరం పంపాడు. అక్కడ పట్టునూలు వ్యాపారం చేసే ఒక షావుకారు ఇంట్లో దారం బలం చూసే పాత మిషనుకు లోడ్ సెల్, కార్డు పెట్టాలి. పని బాగుందని ఆయన ఒప్పుకుంటే నా ఉద్యోగం ఖాయం. షావుకారు పెట్టిన షరతు ఒక్కటే, మిషనులో దారం లేనప్పుడు తెర మీద పొద్దున పెట్టిన సున్నా సాయంత్రందాకా నిలవాలి. మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు.

నేను పని ముగించిన రోజే ఆయుధ పూజ. షావుకారు తల్లిని అందరూ పెద్దవ్వ అనేవారు. ఆ ఇంట్లో ఆమె మాటే చట్టం. మగ్గాలకు, తక్కెడకు, స్కూటరుకు, టేబుల్ ఫ్యానుకు, చివరికి నా స్క్రూడ్రైవర్కు కూడా కుంకుమ పెట్టి పూలు చుట్టింది. కంప్యూటర్ నెత్తిన ఒక నిమ్మకాయ ఉంచింది. మిషను పైభాగాన లోడ్ సెల్ కింద వేలాడుతూ, దారం కొసను పట్టుకునే ఒక బిగింపు ఉంటుంది. దానికి ఒత్తుగా కట్టిన తడి చామంతి మాల వేసి, "ఈ పూలు శుక్రారం నేనే తీస్తా. అంతవరకూ ఎవురూ ముట్టుకోగూడదు" అంది. హారతి కళ్లకద్దుకొని నేను సున్నా నొక్కాను. తెర మీద సున్నా ముత్యంలా నిలిచింది. షావుకారు కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నానికి ఆ సున్నా జారడం మొదలుపెట్టింది. మిషనులో దారం లేదు, దగ్గర మనిషి లేడు, అయినా అంకె మెల్లమెల్లగా సున్నా కిందికి దిగుతోంది. పొద్దున గట్టిగా నిలబడిన దారం, అదే కండె నుంచి తీసి సాయంత్రం లాగితే బలం తగ్గినట్టు చూపించింది. షావుకారు తెర వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. "ఏమప్పా ఇంజనీరూ, పొద్దున బలంగా ఉండే దారం సాయంత్రానికి నీరసపడ్తాండాదే! దీనికి గూడా నడిమధ్యాన్నం సంగటి పెట్టల్లా ఏమి?" అన్నాడు. నేను నవ్వేసి, తీగలన్నీ విప్పి మళ్లీ బిగించాను.

మర్నాడు పొద్దున్నే పెద్దవ్వ వచ్చి పూల మీద నీళ్లు చిలకరించి వెళ్లింది. నేను సున్నా పెట్టాను. ఎండెక్కేసరికి మళ్లీ అదే వరస. మేనేజర్కు ఫోన్ చేశాను. "కార్డు వేడెక్కుతాంటాది. గాలి తగిలేటట్లు చూడు" అన్నాడు. కంప్యూటర్ మూత విప్పి టేబుల్ ఫ్యాను పెట్టాను. అంతవరకు బుద్ధిగా జారుతున్న అంకె ఈసారి వణుక్కుంటూ జారింది, అదీ రెండింతల వేగంతో. గాలి చాలలేదనుకొని పక్కింటి నుంచి ఇంకో ఫ్యాను అడిగి తెచ్చాను. (ఇప్పుడు మీరు నవ్వుతున్నారని తెలుసు. నవ్వండి, ఆ రోజు ఆ గదిలో నవ్వేవాళ్లెవరూ లేకపోయారు.) సున్నా తెగిన గాలిపటంలా పోయింది.

మళ్లీ ఫోన్. ఈసారి మేనేజర్కు ఎర్తింగ్ మీద అనుమానం వచ్చింది. పెరట్లో గుంత తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, రాగి కడ్డీ దింపి బిందెలతో నీళ్లు పోస్తుంటే పెద్దవ్వ వచ్చి నిలబడింది.

"ఏం చెట్టు నాటుతాండావు నాయనా?"

"చెట్టు కాదవ్వా, ఎర్తింగ్."

"ఏం కాస్తాదది?"

ఇంకో బిందె పోశాను. ఎర్తింగ్ ఏమీ కాయలేదు. ఆ సాయంత్రం మేనేజర్ గొంతు మారింది. "రేపటికి నిలవకపోతే ఆ మిషను టెంపోలో ఏసుకొని మన కంపెనీకి వచ్చేయప్పా. నువ్వు గూడా మీ నాయనతో ఒక మాట మాట్లాడుకో" అన్నాడు. మా నాయన హాస్యం అప్పుడే చెవుల్లో వినిపించింది.

మూడో రోజు మధ్యాహ్నానికి నాకు తెలిసిన విద్యలన్నీ అయిపోయాయి. షావుకారు భోజనానికి వెళ్లాడు. గదిలో నేనూ, రెండు ఫ్యాన్లూ, దిగిపోతున్న అంకే మిగిలాం. ఇక దేవుడే దిక్కని మిషనుకు దండం పెట్టి, మాలలోంచి ఒక చామంతి తుంచి కళ్లకద్దుకున్నాను. కళ్లు తెరిచేసరికి తెర మీద అంకె టక్కున కిందికి దిగి ఉంది! దేవుడు పలికాడనే అనుకున్నాను (పలికినా నాకు వ్యతిరేకంగా పలికాడే అని బాధ కూడా పడ్డాను). భయపడి పువ్వును మళ్లీ మాలలో గుచ్చాను. అంకె పైకి ఎక్కింది. తీశాను, దిగింది. గుచ్చాను, ఎక్కింది. అప్పుడు వెలిగింది. పొద్దున తడి మాలతో కలిపి సున్నా పెడుతున్నాను, పూలు ఎండేకొద్దీ మాల బరువు తగ్గుతోంది, నేనేమో రెండు ఫ్యాన్లు పెట్టి శ్రద్ధగా వాటిని ఎండబెడుతున్నాను. పండగ రోజు ప్రతి వస్తువుకూ పూలుంటాయి కాబట్టి వాటికీ ఒక బరువుంటుందని నాకు తోచనే లేదు.

"పూజ పూలు తెంపుతాండావా?" అని గుమ్మంలోంచి పెద్దవ్వ గొంతు.

చేతిలో పువ్వుతో దొరికిపోయాను. తడబడుతూ అంతా చెప్పాను. ఆమె కోపం చూపలేదు, నమ్మకమూ చూపలేదు. నేరుగా చెంబు తెచ్చి మాల మీద నీళ్లు చిలకరించింది. అంకె పైకి లేచింది. ఇంకాస్త చిలకరించింది. ఇంకాస్త లేచింది. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "ఒరే, కూడు ఆపి ఇట్ల రారా!" అని కొడుకును కేకేసింది. షావుకారు ఎంగిలి చేత్తోనే పరుగున వచ్చాడు. సంగతి విని మొహం చిట్లించాడు.

"నేను పూలు తూచేదానికా అమ్మా ఈ మిషను పెట్టించింది?"

"పువ్వులో తడి ఆరిపోయేది మన కంటికి కనపడ్తాదా? అది గూడా దాచుకోకుండా మూడు దినాలు మొత్తుకునింది. మనమే ఇనలేదు. ఇంత నిజం చెప్పే మిషను నీ దారం కాడ అబద్ధమాడ్తాదా? ఒప్పుకో!" అంది పెద్దవ్వ.

షావుకారు పెద్దగా నవ్వేశాడు. ఇంకా శుక్రవారం రాకపోయినా పెద్దవ్వ తన చేత్తోనే మాల తీసింది. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, "ఈడైతే ఎవురికీ ఇబ్బంది ల్యా" అంటూ నా మెడలో వేసింది. నేను మళ్లీ సున్నా నొక్కాను. ఫ్యాన్లు ఆపేశాను. దీపాలు పెట్టే వేళదాకా ఆ సున్నా కదల్లేదు. అంతసేపూ నేనూ కదల్లేదు. షావుకారు నా భుజం తట్టి, "మీ మేనేజర్కు నేనే చెప్తా పో, మిషను ఈడనే ఉంటాదని" అన్నాడు.

ఉద్యోగం నిలిచిందని పెనుకొండకు ఫోన్ చేస్తే, మా నాయనే ఎత్తాడు. "నువ్వు కూచునేదానికని కొత్త పరుపు కుట్టిస్తినే అంగట్లోకి" అన్నాడు. ఆ మాటకు మాత్రం నాకు నిజంగానే నవ్వొచ్చింది, ఆయనా నవ్వాడు.

ఇప్పటి మిషన్లు ప్రతి దారానికీ ముందు తమంతట తామే సున్నా చేసుకుంటాయి. పూలు వేసినా, అవి ఎండినా వాటికి పట్టదు. మంచిదే, ఏ కుర్రవాడికీ పక్కింటి ఫ్యాను మోసే బాధ లేదు. నా టేబుల్ మీద ఇప్పుడు ఇలాంటి సున్నాలు రోజూ ఎన్నో వచ్చి నిలుస్తాయి, నేను వాటి వైపు తలెత్తి కూడా చూడను. మెడలో తడి చామంతులతో, చొక్కా అంతా తడిసిపోయి, తెర మీది ఒక్క సున్నాను కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డ ఆ సన్నటి అబ్బాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. అంత చిన్నదానికి అంత సంతోషపడడం ఎలాగో వాడికి తెలుసు, నేనే మరిచిపోయాను.